క్రూయిజ్‌లో తెలియనివాళ్ళతో ఒకే టేబుల్: కూర్చోవాలా, వద్దా?

క్రూయిజ్ బుక్ చేసేటప్పుడు తేదీలు, గది, డబ్బు అన్నీ చూసుకున్నాక చివర్లో ఒక చిన్న ప్రశ్న వస్తుంది. రాత్రి భోజనం ఏ టైముకి కావాలి, ఎంతమంది కూర్చునే టేబుల్ కావాలి అని. మనవాళ్ళు చాలామంది దాన్ని చదవకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు. తీరా ఓడ ఎక్కాక, మనకిచ్చిన టేబుల్ ఎనిమిది మందిదని, మిగతా నలుగురు ఎవరో తెలియదని అర్థమయ్యాక కంగారు మొదలవుతుంది. వాళ్ళేం తింటారో, మన పిల్లలు అల్లరి చేస్తే ఏమనుకుంటారో, ఇండియా నుంచి వచ్చిన అత్తగారో అమ్మో ఇబ్బంది పడతారేమో అని.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇప్పటికి నాలుగుసార్లు క్రూయిజ్‌కి వెళ్ళాం, మూడుసార్లు తెలియనివాళ్ళతో కలిసి కూర్చున్నాం. తెలిసినవాళ్ళు ఎవరు క్రూయిజ్‌కి బయల్దేరినా నన్ను ఇదే అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఒక్కసారైనా కూర్చోండి, కానీ తిండి విషయం ముందే తేల్చుకుని, నచ్చకపోతే ఎలా మారాలో తెలుసుకుని కూర్చోండి.

ఈ పద్ధతి ఎక్కడిది?

ఓడల్లో కలిసి తినడం పాత పద్ధతే. 1912 నాటి టైటానిక్‌లో కూడా రెండో తరగతి, మూడో తరగతి ప్రయాణికులు పొడవాటి బల్లల దగ్గర ఒకరి పక్కన ఒకరు కూర్చుని తినేవారు. విడిగా, నచ్చిన వేళకి, నచ్చింది ఆర్డర్ ఇచ్చుకునే రెస్టారెంట్ 1905లో అమెరికా అనే జర్మన్ ఓడలో వచ్చింది. అది డబ్బున్నవాళ్ళ కోసం.

మనవాళ్ళు ఓడల్లో కలిసి తిన్న చరిత్ర ఇంకా పాతది. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబర్ 16న డర్బన్ చేరింది. కూలి ఒప్పందం మీద నేటాల్ వెళ్ళిన తొలి ఓడ అది. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అది విహారయాత్ర కాదు, కష్టాల ప్రయాణం. కానీ ఊరూ కులమూ వేరైనవాళ్ళు వారాల తరబడి ఒకే ఓడలో, ఒకే వంటశాల తిండి తినాల్సి వచ్చింది. కలకత్తా నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఒకే ఓడలో వచ్చినవాడిని జహాజీ భాయ్ అని, సొంత అన్నదమ్ముడిలా చూసుకునేవారు.

అంతదూరం ఎందుకు, మన పెళ్ళిళ్ళలో బంతి భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తరి ముందు కూర్చుంటే పక్కన ఎవరు కూర్చుంటారో మన చేతుల్లో ఉండదు. "మీదే ఊరండీ?" అని మొదలై, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక చుట్టరికం తేలేది. ఇప్పుడు మన ఊళ్ళలో కూడా బఫేలు వచ్చేశాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి బంతిలో కూర్చోవడమంటేనే తెలియదు.

ఇప్పుడు ఎన్ని రకాలు ఉన్నాయి?

మొదటిది స్థిరమైన పద్ధతి. రెండు బంతులు ఉంటాయి. మొదటిది సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య, రెండోది ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య. రోజూ అదే టేబుల్, అవే మొహాలు, అదే వెయిటర్. పరిచయాలు నిలబడేది ఈ పద్ధతిలోనే.

రెండోది ఎప్పుడొచ్చినా తినే పద్ధతి. నార్వీజియన్ కంపెనీ 2000లో ఫ్రీస్టైల్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. రాయల్ కరీబియన్‌లో మై టైమ్ అనీ, కార్నివాల్‌లో యువర్ టైమ్ అనీ అంటారు. ఇందులో రోజూ వేరే టేబుల్ రావచ్చు. వేరేవాళ్ళతో కూర్చోవాలనుంటే గుమ్మం దగ్గర అడగాలి. డిస్నీ ఓడల్లో ఇంకో పద్ధతి: మూడు రెస్టారెంట్ల మధ్య కుటుంబం మారుతుంటుంది, మీ వెయిటర్లు కూడా మీతోపాటే మారతారు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి పీ అండ్ ఓ ఓడల్లో ఎప్పుడొచ్చినా తినే పద్ధతిని ఫ్రీడమ్ డైనింగ్ అంటారు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వరకు ఏడు రాత్రులు సముద్రం మీదే గడిపే క్వీన్ మేరీ 2 లాంటి ఓడల్లో కలిసి కూర్చునే ఆచారం ఇంకా బాగా ఉంది.

కోవిడ్ తర్వాత చాలా ఓడల్లో ఏ కుటుంబానికి ఆ కుటుంబాన్ని విడిగా కూర్చోబెట్టడం ఎక్కువైంది. అందుకని కలిసి కూర్చోవాలనుకుంటే మీరే నోరు తెరిచి చెప్పాలి.

బుక్ చేసేటప్పుడే చూసుకోవాల్సినవి

నలుగురున్న కుటుంబమైతే ఎనిమిది మంది టేబుల్ అడగండి. చిన్న టేబుల్‌లో మీతోపాటు ఇంకొక జంట మాత్రమే ఉంటుంది. వాళ్ళతో మాట కలవకపోతే వారమంతా మౌనవ్రతమే. ఎనిమిది మందిలో ఎవరో ఒకరితో మాట కలుస్తుంది. ఒక జంట ఏ రాత్రయినా రాకపోయినా టేబుల్ బోసిపోదు.

రెండు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే రెండు బుకింగ్ నంబర్లూ కలపమని కంపెనీకి ముందే ఫోన్ చేసి చెప్పాలి. అప్పుడు మొత్తం మీదే అయ్యేంత టేబుల్ అడగడం మేలు. ఇద్దరు బయటివాళ్ళని మధ్యలో పెట్టుకుని ఎనిమిది మందీ తెలుగులో మాట్లాడుకుంటే, ఆ ఇద్దరికీ అది శిక్ష.

ఒకసారి రుచి చూద్దామనుకునేవాళ్ళకి నేను చెప్పే చిట్కా ఇది. ఓడ ఏ ఊరూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజు పొద్దున, బఫేకి కాకుండా డైనింగ్ రూమ్‌కి టిఫిన్‌కి వెళ్ళి, కలిసి కూర్చుంటామని చెప్పండి. ముప్పావు గంటలో అయిపోతుంది. బాగుంటే రాత్రి భోజనానికి కూడా అడగండి.

తిండి సంగతి

డైనింగ్ రూమ్ మెనూలో రోజూ శాకాహార వంటకాలు ఉంటాయి. చాలా పెద్ద ఓడల్లో అడిగితే ఇండియన్ శాకాహార భోజనం కూడా చేస్తారు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట, జైన భోజనం లాంటివి కావాలంటే బుక్ చేసినప్పుడే, కనీసం ఆరేడు వారాల ముందు రాసి పెట్టండి. ఓడ ఎక్కాక మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కి మళ్ళీ గుర్తు చేయండి. రేపటి మెనూ ఈ రాత్రే చూపించమంటే చూపిస్తారు. అందులో ఏది మార్చి వండాలో అప్పుడే చెప్పొచ్చు.

"వెజిటేరియన్" అని ఊరుకుంటే సరిపోదు. "మాంసం, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్ళు ఏవీ వద్దు" అని విడమరచి చెప్పాలి. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ మామూలుగా గొడ్డుమాంసం మరిగించిన నీళ్ళతో చేస్తారు. సీజర్ సలాడ్ మీద పోసే దాంట్లో, వూస్టర్ సాస్‌లో ఆంచోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. పానకోటా, కొన్ని మూస్‌లు గట్టిపడటానికి వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అసలైన పార్మజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు.

ఇక అసలు ఇబ్బంది. మీ పక్కన కూర్చున్నాయన స్టేక్ తెప్పించుకోవచ్చు. వద్దనే హక్కు మనకి లేదు. మేం అత్తగారిని టేబుల్ మూలన కూర్చోబెట్టి, ఒక పక్క నేను, ఇంకో పక్క మా అమ్మాయి కూర్చున్నాం. ఆవిడకి అంతే సరిపోయింది. అది కూడా చూడలేని పెద్దవాళ్ళుంటే విడి టేబుల్ తీసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. వాళ్ళు వారమంతా అన్నం సయించకుండా ఉండటం కంటే అదే నయం.

పొడులు, పచ్చళ్ళు తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. సీలు తీయని ప్యాకెట్లని చాలా కంపెనీలు రానిస్తాయి, ఇంట్లో వండినవి రానివ్వవు. మీ కంపెనీ నియమం చూసుకోండి. కలిసి కూర్చున్న టేబుల్ మీద పల్లీ పొడో నువ్వుల పొడో తెరిచే ముందు "ఎవరికైనా ఎలర్జీ ఉందా?" అని అడగండి. అమెరికా చట్టం ముఖ్యమైన ఎలర్జీ పదార్థాలుగా తొమ్మిదింటిని లెక్కపెడుతుంది. వేరుశనగ అందులో మొదటినుంచీ ఉంది, 2023 జనవరి నుంచి నువ్వులు కూడా చేరాయి. మనకి రోజూ తినే పొడి, ఎదుటివాళ్ళ పిల్లవాడికి ప్రాణం మీదికి రావచ్చు.

టేబుల్ మర్యాదలు

స్థిరమైన పద్ధతిలో టైముకి వెళ్ళడం అన్నిటికంటే ముఖ్యం. అందరూ వచ్చేదాకా వెయిటర్ ఆర్డర్ తీసుకోకుండా ఆగుతాడు. మనం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే నలుగురు ఆకలితో కూర్చుంటారు. రేపు రావడం లేదంటే ఈ రాత్రే చెప్పేయాలి.

అందరికీ వడ్డన అయ్యాకే మొదలుపెట్టాలి. ఇది మనకి కొత్త కాదు, బంతిలో కూడా అంతే కదా. రొట్టె ప్లేటు మీ ఎడమ చేతి వైపుది, నీళ్ళ గ్లాసు కుడి చేతి వైపుది. గుండ్రటి టేబుల్ దగ్గర ఇది తెలియకపోతే పక్కవాళ్ళ గ్లాసు ఎత్తేస్తాం. మనింట్లోవాళ్ళం ఒకరి ప్లేటులోది ఒకరం రుచి చూస్తాం కాబట్టి, ఖాళీ ప్లేటు ఒకటి అడిగి అందులో పంచుకుంటే బాగుంటుంది. రొట్టె చేత్తో తింటే ఎవరూ ఏమీ అనుకోరు. ముస్తాబై రమ్మనే రాత్రుల్లో చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు. ఆ రాత్రి మాటలు మొదలవడానికి చీర ఒక్కటే చాలు.

బిల్లు పంచుకునే గొడవ ఉండదు. డైనింగ్ రూమ్ భోజనం టికెట్‌లోనే ఉంటుంది. మందు, కూల్‌డ్రింకులు ఎవరివి వాళ్ళ కార్డు మీదే పడతాయి. వెయిటర్ల టిప్పు కూడా చాలా కంపెనీలు రోజుకి మనిషికి ఇంత అని ఖాతాలో ముందే కలిపేస్తాయి. ఎవరైనా తమ వైన్ పోస్తామంటే "థాంక్యూ, నేను తాగను" అంటే చాలు, కారణాలు చెప్పక్కర్లేదు.

ఏం మాట్లాడాలి?

మొదటి రాత్రికి పేరు, ఊరు, ఎన్నో క్రూయిజ్, రేపు దిగే ఊళ్ళో ఏం చూస్తారు, ఇంతే చాలు. జీతం ఎంత, ఇల్లు ఎంతకి కొన్నారు, పిల్లలెందుకు లేరు, వయసెంత లాంటివి మనకి ఆప్యాయంగా అడిగే ప్రశ్నలే కానీ వాళ్ళకి గుచ్చుకుంటాయి. ఎన్నికలు, మతం ఎవరి టేబుల్‌కైనా మంచివి కావు.

మనకీ కొన్ని ప్రశ్నలు వస్తాయి. బొట్టెందుకు, పెద్దలు కుదిర్చిన పెళ్ళా, మీరు హిందీ మాట్లాడతారా అని. కోపం తెచ్చుకోకుండా రెండు ముక్కల్లో చెప్పేలా పిల్లలని కూడా సిద్ధం చేయండి. తెలుగు వేరే భాష అని, 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క ఇండియాలోనే 8 కోట్ల మందికి పైగా మాతృభాష అని మా అమ్మాయి చెప్తే, ఎదుటాయన ఫోర్కు కింద పెట్టి మళ్ళీ అడిగాడు, "ఎంత?" అని.

నాలాంటి గృహిణులకి ఇంకో ప్రశ్న తప్పదు: "మీరేం చేస్తుంటారు?" నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్ళయి డిపెండెంట్ వీసా మీద వచ్చాక ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసే వీలు లేకపోయింది. ఆ ప్రశ్న వస్తే నా బదులు మా ఆయన జవాబు చెప్పడం అలవాటైపోయింది. ఓడలో మొదటిసారి నేనే చెప్పాను, "సైన్స్ చదివాను, ఇప్పుడు ఇల్లు చూసుకుంటున్నాను" అని. ఎదురుగా కూర్చున్న రిటైరైన నర్సు వెంటనే ఓడల్లో వచ్చే వాంతులు, విరేచనాల గురించి అడిగింది. ఆ రాత్రి నేను అరగంట మాట్లాడాను. నేను ఫలానా ఆయన భార్యనని కాకుండా, నాకేం తెలుసో అడిగినవాళ్ళు కనబడి అప్పటికి చాలాకాలమైంది.

ఆవిడకి చెప్పింది మీకూ చెప్తాను. ఓడల్లో అందరూ భయపడేది నోరోవైరస్. ఆల్కహాల్ శానిటైజర్ దాని మీద సరిగ్గా పనిచేయదు. సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవాల్సిందే. అది సోకాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 12 నుంచి 48 గంటలు పడుతుంది. కడుపులో తేడాగా ఉంటే ఆ పూట టేబుల్ దగ్గరికి వెళ్ళకుండా ఓడలోని డాక్టరుకి చెప్పండి. పక్కవాళ్ళకి మనం చేయగల పెద్ద మర్యాద అదే.

పెద్దవాళ్ళు ఉంటే

ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళని తెలియనివాళ్ళతో కూర్చోబెట్టడమేమిటని చాలామంది అంటారు. మా అత్తగారి సంగతి చెప్తాను. మావయ్యగారు పోయాక ఆవిడ తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కదానికోసం వండుకోవడం దేనికని ఒక పూట తినీ ఒక పూట మానేసీ గడిపేవారు. మా దగ్గరికి వచ్చినా, అందరం తిన్నాక వంటింట్లో నిలబడే రెండు ముద్దలు తినేసేవారు.

మా టేబుల్‌లో ఒహాయో నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఇద్దరున్నారు, డెబ్భై దాటినవాళ్ళు. రెండో రాత్రి అక్కగారు చెప్పింది, భర్త పోయాక ఇంట్లో టీవీ ముందు ఒక్కతే తింటానని, ఏడాదికోసారి ఇలా నలుగురితో కూర్చోవడానికే క్రూయిజ్‌కి వస్తానని. మా అమ్మాయి దాన్ని తనకొచ్చిన తెలుగులో నానమ్మకి చెప్పింది. అత్తగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆవిడ్ని అడుగు, ఒక్కతే ఉన్నప్పుడు ఏం వండుకుంటుందో" అన్నారు. ఆ జవాబు ఇటు, ఈ ప్రశ్న అటు, మా అమ్మాయికి తినడానికే తీరిక లేదు. పదకొండేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఆ వారం "తాలింపు" అనే మాటని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నా వైపు చూసింది. "ఒంటరితనం" అంటే ఏమిటో కూడా నన్నే అడిగింది.

అత్తగారు ఆ ఏడు రాత్రులూ కూర్చునే తిన్నారు. పిండివంట వస్తే పక్కావిడకి తీపి తినొచ్చా, షుగరుందా అని వాకబు కూడా చేశారు. భాష అడ్డమే, కానీ మధ్యలో ఒక మనవరాలుంటే చాలా తగ్గుతుంది. అందుకే పెద్దవాళ్ళని టేబుల్ చివర ఒంటరిగా కాకుండా, తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చిన పిల్లల పక్కన కూర్చోబెట్టండి.

చిన్నపిల్లలుంటే మొదటి బంతి తీసుకోండి. భోజనం గంటన్నర దాకా సాగుతుంది. పిల్లల ప్లేట్లు ముందు తెమ్మంటే తెస్తారు.

కుదరకపోతే?

మొదటి రాత్రే మీకు తెలిసిపోతుంది. భోజనం అయ్యాక, లేదా మర్నాడు మధ్యాహ్నం, డైనింగ్ రూమ్ పెద్ద దగ్గరికి వెళ్ళి ఇంకో టేబుల్ కావాలని నెమ్మదిగా చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు. రెండో రోజు దాటితే ఖాళీలు దొరకడం కష్టం. ఒక ప్రయాణంలో మా టేబుల్‌లో ఒకాయన మన తిండి వాసన మీద రెండు రాత్రులూ అవే జోకులు వేశాడు. మేం ఆయనతో వాదించలేదు, నవ్వనూ లేదు. అడిగి టేబుల్ మారిపోయాం. పిల్లలు మన మొహం చూసే నేర్చుకుంటారు. అవమానం భరిస్తూ కూర్చోవడం మర్యాద కాదని వాళ్ళకి తెలియాలి.

చివరగా గుర్తుపెట్టుకోవాల్సినవి

బుక్ చేసేటప్పుడు: భోజనం టైము, ఎనిమిది మంది టేబుల్, తిండి నియమాలు రాతపూర్వకంగా.

ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం: డైనింగ్ రూమ్ ఎక్కడుందో, టేబుల్ ఎక్కడుందో ఒకసారి చూసి రావడం. కిటికీ పక్కనో, తలుపు దగ్గరో, నడవలేని పెద్దవాళ్ళకి దూరమో తెలుస్తుంది.

మొదటి రాత్రి: హెడ్ వెయిటర్‌తో శాకాహారం గురించి విడమరచి మాట్లాడటం, పక్కవాళ్ళ ఎలర్జీలు అడగడం.

రెండో రోజు: ఉండాలో మారాలో తేల్చుకోవడం.

చివరి రాత్రి: ఫోటో తీసే ముందు అడగడం, ఇష్టమైతే అడ్రసులు తీసుకోవడం. వెయిటర్లకి పేరు పెట్టి థాంక్స్ చెప్పడం. వాళ్ళలో చాలామంది గోవా, మంగళూరు, కేరళ నుంచి ఇల్లూ పిల్లలనీ వదిలి నెలల తరబడి ఓడలో పనిచేసేవాళ్ళే.

మా అత్తగారికి ఒహాయో నుంచి క్రిస్మస్‌కి ఇంకా కార్డు వస్తుంది, మా ఇంటి అడ్రసుకి. మా అమ్మాయి దాన్ని ఫోన్‌లో తెలుగులో చదివి వినిపిస్తుంది.